కాలేజీ బ్లాగులో పిల్లలు రాస్తారా? 2011 నుంచి ఇదే పని చేస్తున్నవాడిగా నా జవాబు

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళం దగ్గర డిగ్రీ కాలేజీలో చేరి రెండేళ్లయింది, ప్రిన్సిపాల్ గారు సోషల్ మీడియా పని మీకు అప్పజెప్పారు, ఫేస్‌బుక్ పేజీలో ఏం పెట్టినా నాలుగు లైకులు, ఆ నాలుగూ స్టాఫ్‌వే, ఇప్పుడు బ్లాగు కూడా మొదలుపెట్టమంటున్నారు. పెద్ద యూనివర్సిటీలు ఏం చేస్తున్నాయి, మన పిల్లలు అసలు రాస్తారా అని అడిగారు. నేను విజయనగరం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తాను. 2011 నుంచి మా కాలేజీ వెబ్‌సైటు, బ్లాగు, పేజీ, వాట్సాప్ గ్రూపులు అన్నీ నేనే చూస్తున్నాను. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పిల్లలు రాస్తారు. కాలేజీ గురించి రాయమంటే మాత్రం రాయరు, రాసినా పేపర్ వాళ్లకి పంపే ప్రెస్ నోటులాగే ఉంటుంది. వాళ్ల ఊళ్లో ఉన్నది, వాళ్ల ఇంట్లో పొద్దున్నే జరిగేది, వాళ్లు కళ్లారా చూసినది రాయమని అడిగితే, రాసినదాన్ని మనం చెడగొట్టకుండా ఉంటే, రాస్తారు. నా ఇన్నేళ్ల అనుభవంలో నిలబడింది ఇదొక్కటే. మిగతా ప్రయోగాలన్నీ ఒక సంవత్సరం నడిచి ఆగిపోయాయి.

ముందు ఆ నాలుగు లైకుల సంగతి. మన వైపు కాలేజీ పేజీలు ఏవి తెరిచినా దాదాపు ఒకేలా ఉంటాయి. పండగ శుభాకాంక్షలు, ముఖ్య అతిథికి శాలువా కప్పుతున్న ఫోటో, ర్యాంకుల బ్యానరు, పేపర్ కటింగు. ఆ ఫోటోలో ఉన్నవాళ్లు తప్ప వేరేవాళ్లు దాన్ని చూడాల్సిన పనేముంది? సోంపేటలోనో కొత్తూరులోనో ఒక అమ్మ ఉంటుంది, కూతురు ఇంటర్ పాసైంది, ఆన్‌లైన్‌లో డిగ్రీ ఆప్షన్లు పెట్టాలి. ఆవిడకి కావలసింది హాస్టల్లో నీళ్లు వస్తాయా, సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి, స్కాలర్‌షిప్ పడేలోపు ఫీజు కట్టమంటారా, సింగిల్ మేజర్ అంటున్నారు, అంటే ఒక్క సబ్జెక్టే ముఖ్యంగా చదవడమట, అదేంటి అనేవి. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీలో సింగిల్ మేజర్ వచ్చినప్పుడు మా కాలేజీకి వచ్చిన ఫోన్లలో సగం ఆ ఒక్క ప్రశ్నకే. సెకండియర్ అబ్బాయి ఒకడిని కూర్చోబెట్టి, మూడు సబ్జెక్టులు సమానంగా చదివే పాత పద్ధతికీ దీనికీ తేడా ఏంటో, మేజర్ అంటే ఏంటో, మైనర్ ఎప్పుడు ఎంచుకోవాలో వాడి మాటల్లోనే రాయించాను. ఆ పోస్టును ఊళ్లలో వాట్సాప్ గ్రూపుల్లో జనమే పంచుకున్నారు, మేం ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఆఫీసులో ఫోన్ ఎత్తే క్లర్కు గారిని అడగండి, రోజూ ఏ ప్రశ్నలు వస్తాయో ఆయన నోటి మీదే ఉంటాయి.

ఇక పెద్ద యూనివర్సిటీల సంగతి. ఫేస్‌బుక్ పుట్టిందే కాలేజీలో, 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్‌లో. మొదట్లో ఆ కాలేజీ ఈమెయిల్ ఉంటేనే లోపలికి రానిచ్చేవాళ్లు, 2006 సెప్టెంబరులో గానీ అందరికీ తెరవలేదు. మన ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ వచ్చింది 2008లో, అంటే మన జిల్లా యూనివర్సిటీ పుట్టేటప్పటికే అక్కడి పిల్లల కాలేజీ జీవితం సగం ఆన్‌లైన్‌లో నడుస్తోంది. బ్లాగులు ఇంకా ముందు. 2003లోనే హార్వర్డ్ లా స్కూల్లో యూనివర్సిటీ వాళ్లెవరైనా బ్లాగు తెరుచుకోవచ్చని చోటు ఇచ్చారు.

నాకు బాగా నచ్చింది అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద టెక్నాలజీ యూనివర్సిటీ వాళ్లు చేసిన పని. 2004 నుంచి వాళ్ల అడ్మిషన్ల ఆఫీసు సైటులో విద్యార్థులే బ్లాగులు రాస్తున్నారు. రాసినందుకు డబ్బులిస్తారు, రాసిందాన్ని మాత్రం ఆఫీసు దిద్దదు. 2012లో ఒక అమ్మాయి అక్కడి చదువు ఒత్తిడికి తను ఎలా కుంగిపోయిందో ఉన్నదున్నట్టు రాసింది. అడ్మిషన్ల సైటులో అలాంటిది రాస్తే కొత్త పిల్లలు భయపడి రారని మనం అనుకుంటాం. వాళ్లు తీసెయ్యలేదు. ఆ పోస్టు క్యాంపస్ అంతా చదివింది, నాకూ ఇలాగే ఉంది అంటూ ఎంతోమంది కింద రాశారు. సీటు కోసం చూసే పిల్లలకి ఆ సైటు మీద నమ్మకం రావడానికి ఇలాంటి పోస్టులే కారణమని నా అభిప్రాయం.

రెండోది అమెరికాలోనే వర్జీనియాలో మేరీ వాషింగ్టన్ యూనివర్సిటీ. చాలా పెద్దదేం కాదు. 2007లో వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ మీద తమ పిల్లలకీ, లెక్చరర్లకీ బ్లాగులు తెరిచే ఏర్పాటు చేసుకున్నారు. క్లాసు అసైన్‌మెంట్లు బ్లాగులోకే వచ్చేశాయి. 2013 నుంచి ఇంకో అడుగు వేసి ప్రతి విద్యార్థికీ సొంత డొమైన్, అంటే సొంత వెబ్‌సైటు చిరునామా, సొంత వెబ్ చోటు ఇవ్వడం మొదలుపెట్టారు. చదువు అయిపోయాక పిల్లవాడు తను రాసుకున్నదంతా తనతో తీసుకుపోవచ్చు. మన దగ్గర అసైన్‌మెంట్ పేపర్లకి ఏమవుతుందో మీకూ తెలుసు, మార్కులు వేశాక కట్టకట్టి స్టోర్ రూములో పడేస్తాం, చెదలు తింటాయి.

మూడోది కెనడాలో మానిటోబా యూనివర్సిటీలో 2008లో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన కోర్సు. ఫీజు కట్టినవాళ్లు పాతిక మంది, ఆన్‌లైన్‌లో ఉచితంగా చేరినవాళ్లు 2,200 పైనే. ఎవరి బ్లాగులో వాళ్లు రాసుకుంటే, వాటన్నిటినీ పోగుచేసి రోజూ ఒక ఉత్తరంలా అందరికీ పంపేవాళ్లు. ఎంతమందైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సుని ఇప్పుడు మూక్ అంటున్నామే, ఆ పేరు ఈ కోర్సు దగ్గరే పుట్టింది. మన కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల సైటు స్వయం పోర్టల్లో పిల్లలు క్రెడిట్ల కోసం చేరేవి కూడా ఆ పేరుతో పిలిచే కోర్సులే. కాకపోతే పిల్లలు రాసుకునే భాగం పోయి వీడియో చూసి పరీక్ష రాసే భాగమే మిగిలింది, అది నాకు బాధగానే ఉంటుంది.

మన దేశంలో పైనుంచి వచ్చినది కూడా ఒకటి చెప్పాలి. 2019 జులైలో కేంద్ర మానవ వనరుల శాఖ అన్ని ఉన్నత విద్యాసంస్థలకీ ఒక ఉత్తరం రాసింది. ప్రతి కాలేజీ ఒకరిని సోషల్ మీడియా ఛాంపియన్‌గా పెట్టాలి, కాలేజీ పేరున ఖాతాలు తెరవాలి, విద్యార్థుల ఖాతాలు దానికి కలపాలి అని. పిల్లల సొంత ఖాతాలతో కాలేజీకి ఏం పని అని అప్పుడు చాలామంది గట్టిగా అడిగారు, నేను కూడా ఆ మాటే అన్నాను. మీకు అప్పజెప్పిన పని బహుశా ఆ ఉత్తరం నాటి నుంచి చేతులు మారుతూ వచ్చిందే అయ్యుంటుంది. పిల్లల ఖాతాల జోలికి మాత్రం వెళ్లకండి, ఫాలో చెయ్యమని బలవంతపెట్టకండి, అటెండెన్సుతో ముడిపెట్టకండి.

ఇప్పుడు మా బ్లాగు ఎలా లేచిందో చెప్తాను, అసలు మీకు పనికొచ్చేది ఇదే. మొదటి రెండేళ్లు దాంట్లో వార్షికోత్సవాల రిపోర్టులే ఉండేవి. ఒకసారి బీఏ ఫస్టియర్ అమ్మాయికి ఎన్ఎస్ఎస్ క్యాంపు రిపోర్టు రాయమని ఇచ్చాను. పొందూరు నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చేది. పాత రిపోర్టు చూసి తేదీలు మార్చి తెచ్చింది. నేను కోప్పడలేదు. ఇది పక్కన పెట్టమ్మా, పొద్దున్న నువ్వు రైలుకి బయల్దేరేటప్పటికి మీ ఇంట్లో ఏం జరుగుతూ ఉంటుంది అన్నాను. "మా మామ్మ పత్తి ముందేసుకుని కూకుంటాది మాస్టారూ, అదేటి రాస్తాం?" అంది. అదే రాయి అన్నాను.

వారం తర్వాత లాంగ్ నోట్‌బుక్కులో మూడు పేజీలు తెచ్చింది. వాలుగ చేప దవడ గురించి రాసింది. పొందూరు ఖద్దరుకి కొండపత్తిని ఆ దవడతోనే దువ్వుతారు, దాని పళ్లు సన్నటి దువ్వెనలా ఉంటాయి, గింజని అంటుకున్న పోగుల్ని దాంతో లాగి సాపు చేస్తే చెత్తంతా విడిపోతుంది. ఆ తర్వాతే గింజ తియ్యడం, ఏకడం, ఏకులు చెయ్యడం, రాట్నం మీద వడకడం. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిది ఇంకొకటి రాసింది. వాళ్ల మామ్మకి చూపు మందగించింది, అయినా దవడకి ఒక పన్ను విరిగితే వేలితో తడిమి చెప్పేస్తుందట, పోగు తగిలే తీరు మారిపోతుందట. చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను, పాతికేళ్లుగా ఆ ఊరి మీదుగా రైల్లో వెళ్తున్నాను, నాకు ఈ సంగతి తెలియదు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరా జరుగుతుంది. బ్లాగులో పెట్టేముందు ఒక సీనియర్ లెక్చరర్‌కి చూపిస్తే ఆయన మంచి మనసుతోనే అంతా దిద్దారు. కూకుంటాది అన్నచోట కూర్చుంటుంది, మామ్మ అన్నచోట నాయనమ్మ, చివర ఖాదీ జాతి గర్వకారణం అని ఒక వాక్యం. దిద్దిన కాగితం చూసి ఆ అమ్మాయి ఏమీ అనలేదు, ఇంకో వ్యాసం మాత్రం ఇవ్వలేదు. ఆయనతో మాట్లాడి, అక్షరదోషాలు తప్ప అన్నీ మళ్లీ ఆమె రాసినట్టే పెట్టాను. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాషలో రాయడం కోసం జీవితమంతా పోరాడారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనమే తెలుగు భాషా దినోత్సవం చేసి దండలు వేస్తాం. ఆయన జిల్లాలో పిల్ల తన ఇంటి మాట రాస్తే కొట్టెయ్యడం నాకు మనసొప్పలేదు. ఆ పోస్టు కింద హైదరాబాద్, బెంగళూరు, దుబాయ్ నుంచి మన జిల్లావాళ్లు రాశారు, మామ్మ గారు బాగున్నారా అని అడిగారు. ఆ అమ్మాయి అవన్నీ ఇంటికెళ్లి మామ్మకి చదివి వినిపించిందట. ఆ నెలలోనే ఇంకో నలుగురు వచ్చి మేం కూడా రాస్తాం మాస్టారూ అన్నారు. ఒకడు తేలినీలాపురం పక్షుల మీద, ఒకమ్మాయి బొబ్బిలి వీణ చేసే ఇంటి మీద, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చే అబ్బాయి వాళ్ల నాన్న డయాలసిస్‌కి వెళ్లే రోజు మీద. ఆ చివరిది వాళ్ల నాన్నగారి అనుమతి తీసుకుని, పేరు లేకుండా పెట్టాం.

మీ దగ్గర సరుకు లేదనుకోకండి. డిగ్రీ పిల్లలందరూ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తున్నారు కదా, 180 గంటలు ఊళ్లో తిరిగి సర్వే చేస్తారు. స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తారు, వైవా అయ్యాక అవన్నీ బీరువాలో ఉంటాయి. ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ రిపోర్టులు తిరగెయ్యండి. నూటికి తొంభై వంతులు ఒకరిది చూసి ఇంకొకరు ఎత్తి రాసినవే ఉంటాయి, మిగతా వాటిలో ఊరి చెరువు గురించో, వలసపోయిన మత్స్యకార కుటుంబాల గురించో పిల్లవాడు నిజంగా తిరిగి తెలుసుకున్నది కనిపిస్తుంది. ఆ పిల్లల్ని పిలవండి.

సాంకేతికంగా అందరూ చేసే తప్పు ఒకటుంది. మన కాలేజీల తెలుగు ప్రకటనలన్నీ డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి, బొమ్మగా మార్చి పేజీలో పెడతారు. బొమ్మలో ఉన్న అక్షరాలు గూగుల్‌లో వెతికేవాడికి దొరకడం కష్టం, కళ్లు కనపడని పిల్లవాడికి ఫోను చదివి పెట్టాలన్నా ఇబ్బందే. ఆ అను ఫైలు నుంచి కాపీ చేసి బ్లాగులో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి, అది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి, కాదు గనక. ప్రకటన ఏదైనా సరే ఫోనులో తెలుగు కీబోర్డుతో యూనికోడ్‌లో టైపు చేయించండి, బొమ్మ కావాలంటే పక్కన పెట్టుకోండి. మేం పాత ఫీజుల నోటీసులన్నీ ఇలా మళ్లీ టైపు చేయించాక, ఏ ప్రకటనా లేకుండానే జనం వెతుక్కుంటూ మా బ్లాగుకి రావడం మొదలైంది.

బ్లాగు ఎక్కడ పెట్టాలి అంటే, కాలేజీ వెబ్‌సైటు కిందే పెట్టండి. మీకు ఏసీ డాట్ ఇన్ డొమైన్ ఉంటే అది విద్యాసంస్థలకి ఆ డొమైన్లు ఇచ్చే ఎర్నెట్ సంస్థ ద్వారా వచ్చి ఉంటుంది, దాని వివరాలు ఆఫీసులో ఎవరి దగ్గరున్నాయో ముందు కనుక్కోండి. అది కుదరకపోతే గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో ఉచితంగా మొదలుపెట్టినా ఫరవాలేదు. రాసినదంతా బ్లాగులో దాచండి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో రెండు వాక్యాలూ, ఒక ఫోటో, లింకూ పెట్టండి. ఒక ఫ్రెషర్స్ డే ఫోటోలన్నీ మేం ఫేస్‌బుక్ లాంటి గూగుల్ ప్లస్‌లో పెట్టాం, 2019 ఏప్రిల్‌లో అది మూతపడింది. అంతకుముందు 2014లో ఆర్కుట్ పోయింది. మన దేశంలో 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆగిపోయింది. రీల్స్ చెయ్యాలని పిల్లలు సరదా పడితే చెయ్యనివ్వండి, మంచివి చేస్తారు కూడా, ఆ వీడియో ఫైళ్లు మాత్రం కాలేజీ డ్రైవులో ఒక కాపీ ఉండాలి.

వాట్సాప్‌ని నమ్ముకుని దెబ్బతిన్న సంగతి ఒకటి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వైపు ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు లేవు. మేం వాయిదాపడిన ఇంటర్నల్ పరీక్ష కొత్త తేదీ గ్రూపులో పెట్టేసి పని అయిపోయిందనుకున్నాం. ఆ తేదీకి మందస వైపు పిల్లలు రాలేదు, వాళ్ల ఫోన్లు అప్పటికీ చార్జింగ్ లేకుండా పడున్నాయి. ఒకబ్బాయి కూలిన కొబ్బరిచెట్లు తప్పించుకుంటూ రెండు బస్సులు మారి వచ్చి, పరీక్ష నిన్ననే అయిపోయిందా మాస్టారూ అన్నాడు. వాడికి మళ్లీ పెట్టాం గానీ ఆ మొహం నేను మర్చిపోలేదు. అప్పటి నుంచి పరీక్షకీ, ఫీజుకీ, సెలవుకీ సంబంధించినది ఏదైనా మూడు చోట్ల ఉండాలి. బ్లాగులో తేదీ వేసి, గ్రూపులో, గేటు దగ్గర నోటీసు బోర్డు మీద. తుపాను, వరద రోజుల్లో ఊరికొకరి చొప్పున ఫోన్ చేసి చెప్పించడం అదనం. దొంగ నోటీసులు తిరిగినప్పుడు కూడా, బ్లాగులో లేకపోతే అది అబద్ధం అని పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు.

ఫోటోల విషయంలో జాగ్రత్త. మా దగ్గరే ఒకసారి హాస్టల్ సంక్రాంతి ముగ్గుల ఫోటోలు పెట్టాం, అడక్కుండా పెట్టాం. ఒకమ్మాయి నాన్నగారు ఫోన్ చేసి చాలా బాధపడ్డారు, ఆ ఫోటో ఎవరో తీసుకుని వేరే రాతలు రాసి తిప్పుతున్నారు. వెంటనే తీసేశాం, అయినా అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఆ పిల్ల రెండు వారాలు కాలేజీకి రాలేదు. ఆ తప్పు పూర్తిగా మాదే. ఇప్పుడు అడిగి, సరే అన్నవాళ్ల ఫోటోలే పెడతాం, అమ్మాయిల ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు వెయ్యం, తీసెయ్యమంటే కారణం అడక్కుండా తీసేస్తాం. మీ క్యాంపస్‌లో జూనియర్ కాలేజీ కూడా ఉంటే ఇంకా జాగ్రత్త, 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది.

కామెంట్లలో ఫిర్యాదులు వస్తాయి, హాస్టల్ భోజనం అనో, రిజల్టు తప్పు అనో. తీసెయ్యమని పైనుంచి ఒత్తిడి కూడా వస్తుంది. తియ్యకండి, ఎప్పటిలోగా కనుక్కుని చెప్తారో రాయండి, ఆ రోజుకి చెప్పండి. మనిషిని బూతులు తిట్టినవి, కులం పేరు ఎత్తినవి మాత్రం తీసెయ్యండి. ర్యాగింగ్ గురించి ఎవరైనా మెసేజ్ పెడితే అక్కడ చర్చ పెట్టకండి, పేరు బయటికి రానివ్వకుండా అదే రోజు కమిటీకి చేర్చండి, 1800-180-5522 హెల్ప్‌లైన్ నంబరు పేజీలో ఎప్పుడూ కనిపించేలా ఉంచండి.

నెలకి రెండు పోస్టులు చాలు. మొదటి వారంలో పది పెట్టి సెమిస్టర్ పరీక్షల్లో ఆగిపోయే బ్లాగులే నేను ఎక్కువ చూశాను. జూన్‌లో అడ్మిషన్ల ప్రశ్నలకి జవాబులు, మిగతా నెలల్లో ఒకటి పిల్లలది, ఒకటి లెక్చరర్లది. రాసినవాళ్ల పేరు తప్పకుండా వెయ్యండి, వాళ్లు వద్దంటే తప్ప. పోస్టు ప్రింటు తీసి లైబ్రరీ బోర్డు మీద కూడా అతికించండి, ఫోను లేని పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

ఇక చివరిగా పాస్‌వర్డుల మాట. మా మొదటి ఫేస్‌బుక్ పేజీని ఒక ఫైనలియర్ అబ్బాయి తన సొంత ఖాతాతో తెరిచాడు. వాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లాడు, ఫోను పోయింది, నంబరు మారింది, పేజీలోకి వెళ్లే దారి మూసుకుపోయింది. ఇప్పటికీ అది అలాగే ఉంది, 2016 దీపావళి శుభాకాంక్షలు పైన, కొత్త పిల్లల తల్లిదండ్రులు పొరపాటున అందులో ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు, జవాబు ఇచ్చేవాళ్లు లేరు. కాబట్టి ఖాతాలన్నీ కాలేజీ ఈమెయిల్ మీద, కాలేజీ పేరున కొన్న సిమ్ మీద ఉండాలి, అడ్మిన్లు కనీసం ఇద్దరు పర్మనెంట్ స్టాఫ్ ఉండాలి, పాస్‌వర్డులు సీలు కవర్లో ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉండాలి. రేపు మీకే ట్రాన్స్‌ఫర్ రావచ్చు కదా. బ్లాగు నెల్లాళ్లు ఆగినా ఫరవాలేదు, ఆ సిమ్ సంగతి మాత్రం సోమవారం ఆయనతో మాట్లాడండి. పిల్లల మొదటి వ్యాసం వచ్చాక, మీరు దిద్దకముందే, ఇక్కడ పెట్టండి, తప్పకుండా చదువుతాను.